సైకోడైనమిక్ కౌన్సెలింగ్‌కి వెళ్లొచ్చినవాళ్లు ఉన్నారా?

బురుజు_కర్నూలు:
డిగ్రీ సైకాలజీ చదువుతున్నా. సైకోడైనమిక్ పద్ధతి అంటే, ఇప్పటి బాధలకు మూలం మనకే తెలియకుండా మనసులో దాగిన చిన్నప్పటి సంగతుల్లో వెతికేది, ఫ్రాయిడ్ అనే డాక్టర్ మొదలుపెట్టింది. దాని బలాలు, లోపాలు రాయమని పది మార్కుల ప్రశ్న వస్తుంది. గైడు బట్టీ పట్టేశా. నిజంగా వెళ్లినవాళ్లు చెప్పండన్నా.

అనంత_స్కూటర్:
నేను ఎనిమిది నెలలు వెళ్లా తమ్ముడూ. ఆఫీసులో మేనేజర్ కుర్చీ జరిపిన చప్పుడు వింటే చాలు, చేతులు చల్లబడేవి. కౌన్సెలర్ మేడమ్ ఆయన సంగతి వదిలేసి చిన్నప్పటివే అడిగేది, నాకు విసుగొచ్చేది కూడా. ఒకరోజు, సందు మలుపులో నాన్న స్కూటర్ వినపడగానే నేనూ అక్కా టీవీ కట్టేసి, వేడి తెలిసిపోతుందని తడిగుడ్డతో వెనకంతా తుడిచేవాళ్లమని చెబుతూ చెబుతూ నోరు ఆగిపోయింది. ఏ మాత్రా నాకు ఆ స్కూటర్‌ని చూపించలేదు.

కడప_కారందోసె:
బాగుందన్నా, రుజువేంది? మా ఫ్రెండుకి ఒకాయన 'మీకు అమ్మ మీద కోపం' అన్నాడంట. లేదు సార్ అంటే 'ఒప్పుకోకపోవడమే డిఫెన్స్', అంటే మనసు నిజాన్ని దాచుకోవడం, అన్నాడంట. ఔనన్నా ఆయనదే గెలుపు, కాదన్నా ఆయనదే. సైన్సు తత్వవేత్త కార్ల్ పాపర్ మొత్తుకున్నది ఇదే కదా, తప్పని తేల్చే దారే లేనిది సైన్సు ఎట్లవుతుందని. 1909లో ఫ్రాయిడ్ రాసిన చిన్న హాన్స్ కేసు చూడండి. ఐదేళ్ల పిల్లోడికి గుర్రాలంటే భయం. బండి గుర్రం కిందపడి కాళ్లు కొట్టుకోవడం కళ్లారా చూశాడు, భయానికి అది చాలదా? అయినా నాన్న మీది భయమే గుర్రం మీదికి మళ్లిందని, గుర్రమంటే నాన్నేనని తేల్చారు. సమాచారం చాలావరకు రాసి పంపింది కూడా ఆ నాన్నే, ఆయనేమో ఫ్రాయిడ్ అభిమాని!

ఓపీ_అక్క:
కడపలోనే కౌన్సెలర్‌ని. ఫ్రాయిడ్ దగ్గరే ఆగిపోతే ఎట్లా? తల్లీబిడ్డల అనుబంధం మీద సైకియాట్రిస్ట్ బౌల్బీ చేసిన పని ఈ చెట్టు కొమ్మే. 2010లో సైకాలజిస్ట్ షెడ్లర్ పాత పరిశోధనలు కలిపి చూసి, ఈ పద్ధతి ఫలితం మిగతా థెరపీలకు తీసిపోదనీ, ఆపేశాక కూడా మెరుగు సాగుతుందనీ రాశాడు, దాని మీదా గొడవలు జరిగాయనుకో. నా ఇబ్బంది వేరే. ఫ్రాయిడ్ ఒక్కో పేషెంటుని వారానికి ఆరు రోజులు చూసేవాడు. నా దగ్గరికి ప్రొద్దుటూరు నుంచి కూలి పోగొట్టుకుని బస్సెక్కి వచ్చే మనిషి రెండోసారికే 'మాత్రేమీ లేదా మేడమ్' అంటాడు. కుక్కలంటే భయమని వస్తే బాల్యం తవ్వను, మెల్లగా కుక్కకే దగ్గర చేస్తా.

బురుజు_కర్నూలు:
అన్నా, స్కూటర్ సంగతి పరీక్షలో రాసుకోవచ్చా?

అనంత_స్కూటర్:
రాసుకో. తడిగుడ్డ మాత్రం వద్దు, నాన్నకి ఇంకా తెలీదు.