గేమింగ్ ల్యాప్‌టాప్ వేడి: అడుగు మూతకి రంధ్రాలు కొట్టిస్తే నిజంగా తగ్గుతుందా?

అర్ధరాత్రి_గేమర్:
వారంటీ అయిపోయిన గేమింగ్ ల్యాప్‌టాప్. గేమ్ మొదలెట్టిన కాసేపటికే సీపీయూ 97 డిగ్రీలు, జీపీయూ 86. ఫ్రేమ్స్ ఉన్నట్టుండి సగానికి పడిపోతాయి, కాసేపాగి మళ్లీ లేస్తాయి. కీబోర్డు మధ్యలో వేలు పెట్టలేకపోతున్నా. కూలింగ్ ప్యాడ్ కొన్నాను, లైట్లు బాగున్నాయి, అంతే. ఫ్యాన్ల కింద మూతకి రంధ్రాలు కొట్టి జాలీ అతికిస్తే బాగా తగ్గుతుందని విన్నా. చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

స్క్రూల_డబ్బా:
డ్రిల్ పట్టుకునే ముందు ఒక పరీక్ష చెయ్యి బ్రో. అడుగు మూత మొత్తం తీసేసి, రెండు అంచుల్నీ పుస్తకాల మీద ఎత్తి పెట్టి, అదే గేమ్ అదే సీన్ ఆడి చూడు. బ్యాటరీ, బోర్డు బయటికే ఉంటాయి కాబట్టి కింద లోహపు వస్తువేదీ ఉండకూడదు. గది వేడి కూడా మారకూడదు. గది 5 డిగ్రీలు పెరిగితే చిప్ కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది, ఇక పోల్చి లాభం లేదు.

మూత తీసినప్పుడు గట్టిగా తగ్గితే ఫ్యాన్లకి గాలి అందట్లేదన్నమాట, రంధ్రాలు పనికొస్తాయి. రెండు మూడు డిగ్రీలే తేడా ఉంటే మూతని పాడు చేసుకోవడమే మిగులుతుంది. కొన్ని మోడళ్లలో మూత తీస్తే వేడి పెరుగుతుంది కూడా. గాలి బోర్డు మీదుగా పాకుతూ వీఆర్‌ఎం (చిప్‌లకి కరెంటు అందించే భాగం), మెమరీ చిప్‌లని చల్లబరిచి ఫ్యాన్‌లోకి చేరేలా ఆ మూతని డిజైన్ చేసి ఉంటారు మరి.

నిదానం_నీలిమ:
విప్పే పనులు తర్వాత, ముందు వాట్లు తగ్గించండి. చాలా ల్యాప్‌టాప్‌లలో సీపీయూ, జీపీయూ రెండింటికీ హీట్ పైపులు (వేడిని మోసుకెళ్లే రాగి గొట్టాలు) ఉమ్మడిగానే ఉంటాయి, ఒకటి కాలితే రెండోదీ కాలుతుంది. విండోస్ పవర్ సెట్టింగ్స్‌లో మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 శాతం పెడితే టర్బో, అంటే సీపీయూ మామూలు వేగాన్ని దాటి పరిగెత్తడం, ఆగిపోతుంది. భారమంతా జీపీయూ మీదే ఉండే గేమ్‌లలో దీనివల్ల పోయే ఫ్రేమ్స్ చాలా తక్కువ. పోటీ షూటర్లలో మాత్రం తెలుస్తుంది. ఫ్రేమ్స్‌కి ఒక హద్దు కూడా పెట్టుకోండి. 60 హెర్ట్జ్ స్క్రీన్ మీద 140 ఫ్రేమ్స్ ఎవరికోసం?

జీపీయూకి ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో వోల్టేజ్ కర్వ్ సరిచేసి, అదే క్లాక్‌ని (వేగాన్ని) తక్కువ వోల్టేజ్‌లో నడిపించొచ్చు. గేమ్ క్రాష్ అయితే కొంచెం వెనక్కి రావాలి, అంతే. ఇదే పనికి ఇంటెల్ సీపీయూ అయితే థ్రాటిల్‌స్టాప్ అనే సాఫ్ట్‌వేర్ వాడతారు. అయితే 2019లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా కంపెనీలు బయోస్ అప్‌డేట్‌లో సీపీయూ అండర్‌వోల్టింగ్‌కి (ఇలా వోల్టేజ్ తగ్గించడానికి) తాళం వేసేశాయి. ఆ ఆప్షన్ పనిచేయకపోతే మీ ల్యాప్‌టాప్ చెడిపోయిందని టెన్షన్ పడకండి.

పాతకాపు:
లోపల దుమ్ము చూశావా తమ్ముడూ? ఫ్యాన్ మీద కనిపించేది లెక్క కాదు. ఫ్యాన్‌కీ, వేడిని బయటికి పంపే రాగి రేకులకీ మధ్య సందులో పేరుకుంటుంది చూడు, అసలు శత్రువు అదే. ఫ్యాన్ విప్పితే దళసరి దుప్పటి ముక్కలా ఒకే పొరగా ఊడి వస్తుంది. బయట నుంచి ఎంత ఊదినా అది కదలదు. ఊదేటప్పుడు రెక్కల్ని వేలితో పట్టుకో, విచ్చలవిడిగా తిరగనిస్తే బేరింగ్ పోతుంది. దేన్నైనా ముట్టుకునే ముందు బ్యాటరీ కనెక్టర్ పీకెయ్.

మెరుపు_మరమ్మతు:
నేను రంధ్రాలు కొట్టాను, పనిచేసింది. నా మోడల్‌లో ఫ్యాన్ కింద సగం భాగం మూసేసి ఉంది, బయటికి గీతల డిజైన్ మాత్రం ఉంది. అందానికే అన్నమాట! మూతని విడిగా తీసి కొట్టాలి, లేకపోతే ప్లాస్టిక్ పొట్టు బోర్డులో పడుతుంది. అంచులు ఆకురాయితో నున్నగా చేసి, లోపలివైపు జాలీ అతికించా. జాలీ మరీ సన్నదైతే వారాల్లోనే దుమ్ముతో పూడుకుపోతుంది. రంధ్రం ఫ్యాన్ నోటికి సరిగ్గా ఎదురుగా పడాలి. పక్కకి పోతే స్క్రూల_డబ్బా గారు చెప్పిన గాలిదారి చెడుతుంది.

హీట్ పైపుల మీద రాగి ముక్కలు అతికించే మోడ్ కూడా చేశా, అది దండగ. వేడెక్కడం కాస్త ఆలస్యమవుతుంది తప్ప తగ్గదు. వేడిని బయటికి పంపాల్సింది రేకులే కదా.

రాగి_రేకు:
చిప్‌కీ, దాని వేడి లాగే హీట్‌సింక్‌కీ మధ్య లిక్విడ్ మెటల్ వేసెయ్ బ్రో, దాని ముందు మామూలు థర్మల్ పేస్ట్‌లు ఏం పనికొస్తాయి?

స్క్రూల_డబ్బా:
@రాగి_రేకు మొదటిసారి విప్పేవాళ్లకి ఆ సలహా ఇవ్వకు. అందులో ఉండేది గాలియం, అల్యూమినియం తగిలితే తినేస్తుంది. పైగా కరెంటు పాస్ అవుతుంది. డై (చిప్‌లో వేడెక్కే సిలికాన్ ముక్క) చుట్టూ ఉన్న బుల్లి కెపాసిటర్ల మీదకి ఒక చుక్క జారితే బోర్డుకి దణ్ణం పెట్టుకోవడమే. ల్యాప్‌టాప్‌ని బ్యాగులో నిలువుగా మోస్తాం, అది గుర్తుండాలి.

మామూలు పేస్ట్‌తో ఇంకో తంటా. వేడికి, చలువకి సాగుతూ ముడుచుకుంటూ డై మీద నుంచి పక్కకి నెట్టుకుపోతుంది. వేసిన కొత్తలో బాగుంటుంది, కొన్ని నెలలకి మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే నేను హనీవెల్ పీటీఎం7950 షీటు వాడతా. 45 డిగ్రీల దగ్గర మెత్తబడి డై అంతా పరుచుకుంటుంది. వేసిన రోజు అంకెలు చూసి నిరాశపడకు, కొన్నిసార్లు బాగా వేడెక్కి చల్లారాక కుదురుకుంటుంది.

అర్ధరాత్రి_గేమర్:
పరీక్ష చేశా. మూత తీస్తే తేడా 3 డిగ్రీలే. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే వేడి కొలిచే సాఫ్ట్‌వేర్‌లో చూస్తే సీపీయూలో ఒక కోర్ 97 కొడుతుంటే పక్కది 80 దగ్గర ఉంది. ఇది మామూలేనా?

స్క్రూల_డబ్బా:
నాలుగైదు డిగ్రీల తేడా మామూలే, 17 ఎక్కువ. హీట్‌సింక్ డై మీద సమంగా కూర్చోలేదు, లేదా పేస్ట్ ఒక మూల ఎండిపోయింది. డ్రిల్ పక్కన పెట్టి హీట్‌సింక్ తియ్. స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అచ్చువేసి ఉంటే బిగించేటప్పుడు ఆ వరుసే పాటించు. ఒకదాన్ని ఒకేసారి చివరిదాకా బిగించకు, అన్నిటినీ కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ రా.

అర్ధరాత్రి_గేమర్:
మెమరీ చిప్‌ల మీద ఉండే, వాటి వేడిని హీట్‌సింక్‌కి చేర్చే మెత్తటి ప్యాడ్లు చిరిగితే? కొత్తవి ఎంత మందం కొనాలి, 1 మిల్లీమీటరా, 1.5 ఆ, ఎలా తెలుస్తుంది?

పాతకాపు:
నొక్కుకుపోయిన పాత ప్యాడ్ కొలిస్తే తప్పు లెక్క వస్తుంది. మందం ఎక్కువైతే హీట్‌సింక్ పైకి లేచి డైకి ఆనదు, నీ సమస్య ఇంకా ముదురుతుంది. ప్యాడ్ల బదులు థర్మల్ పుట్టీ తీసుకో, సందు ఎంతుంటే అంతకి అణుగుతుంది.