ప్రకృతి దృశ్యాలకు అల్ట్రా వైడ్ లెన్సు: ఎఫ్/2.8 కావాలా, ఎఫ్/4 చాలునా?

ప్రశ్న

ఫుల్ ఫ్రేమ్ (పాత 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ అంత సెన్సర్ ఉన్న) కెమెరాతో కొండలు, జలపాతాలు, సముద్రతీరాలు తీస్తుంటాను. ప్రస్తుత లెన్సు 24 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ దగ్గర ఆగిపోతోంది (ఈ సంఖ్య తగ్గేకొద్దీ దృశ్యం వెడల్పుగా పడుతుంది). 14–24 ఎఫ్/2.8 (ఎఫ్ పక్కన సంఖ్య తగ్గేకొద్దీ కాంతి వచ్చే రంధ్రం, అంటే అపర్చర్, పెద్దది) తీసుకోమని కొందరు, 16–35 ఎఫ్/4 చాలునని మరికొందరు చెబుతున్నారు. ధర, బరువు భరించగలిగినప్పటికీ, ఎఫ్/2.8 వల్ల ఒరిగేదేమైనా ఉందా?

మొదటి సమాధానం

పగటి దృశ్యాలకు ఏమీ ఒరగదనే నా దృఢమైన అభిప్రాయం. ట్రైపాడ్ మీద పెట్టి ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర తీసే చిత్రానికి ఎఫ్/2.8తో పనే పడదు. 16 మిల్లీమీటర్ల దగ్గర, ఎఫ్/11లో సుమారు 80 సెంటీమీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే, 40 సెంటీమీటర్ల దూరంలోని రాయి మొదలుకొని దిగంతం వరకు ఆమోదయోగ్యమైన స్పష్టత వస్తుంది.

అపర్చర్ కన్నా ముందు పరిశీలించవలసింది లెన్సు ముందు గాజు ఆకారం. 2007లో వచ్చిన నికాన్ 14–24 ఎఫ్/2.8 ఎంతో పేరు తెచ్చుకున్నది. కానీ దాని ముందు గాజు ఉబ్బెత్తుగా ఉండటం వల్ల తిప్పి బిగించే మామూలు గుండ్రటి ఫిల్టర్ పట్టదు, ప్రత్యేకమైన హోల్డరు, 150 మిల్లీమీటర్ల వెడల్పు గల ఫిల్టర్ పలకలు మోయవలసి వస్తుంది. 2014 నాటి కానన్ 16–35 ఎఫ్/4 అయితే సాధారణమైన 77 మిల్లీమీటర్ల ఫిల్టర్‌ను తీసుకుంటుంది. జలపాతాలు తీసేవారికి ఇది చిన్న విషయం కాదు. తడి రాళ్ల మీద, ఆకుల మీద మెరిసే తెల్లటి కాంతిని పోలరైజర్ (ప్రతిఫలించిన మెరుపును అడ్డుకునే ఫిల్టర్) తొలగించినట్లుగా ఏ సాఫ్ట్‌వేరూ తొలగించలేదు, ఎందుకంటే కింద ఉన్న రంగు ఆ మెరుపులో కలిసి మునిగిపోయే సెన్సర్‌కు చేరుతుంది.

అభ్యంతరం

పోలరైజర్ గురించి మీరు చెప్పినది సగమే నిజం. దాని ప్రభావం సూర్యుడికి 90 డిగ్రీల దిశలో గరిష్ఠంగా ఉండి, అటూ ఇటూ తగ్గిపోతుంది. కనుక 16 మిల్లీమీటర్ల దగ్గర ఆకాశం ఒకచోట ముదురు నీలంగా, మరొకచోట పాలిపోయి వస్తుంది. పైగా రాత్రి ఆకాశాన్ని మీరు లెక్కలోకి తీసుకోలేదు. ఎఫ్/4తో పోలిస్తే ఎఫ్/2.8 రెట్టింపు కాంతిని సెన్సర్ మీదికి పంపుతుంది, నక్షత్రాలు గీతలుగా సాగకముందే ఎక్స్‌పోజర్ ముగించవలసినప్పుడు ఆ తేడా చాలా విలువైనది.

మొదటి సమాధానకర్త వివరణ

ఆకాశం విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. అడవిలో వాగు తీసేటప్పుడు మాత్రం ఫ్రేములో ఆకాశం దాదాపు ఉండదు. నక్షత్రాల విషయానికి వస్తే, చుక్కంత నక్షత్రం ఎంత ప్రకాశంగా నమోదవుతుందన్నది ప్రధానంగా అపర్చర్ అసలు వ్యాసం మీద ఆధారపడుతుంది. 14 మిల్లీమీటర్ల దగ్గర ఎఫ్/2.8 అంటే 5 మిల్లీమీటర్ల వ్యాసం. 20 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 ప్రైమ్ (జూమ్ లేని) లెన్సుకు అది 11 మిల్లీమీటర్లు. నిజంగా రాత్రి చిత్రాలే ముఖ్యమైతే, 94 డిగ్రీల దృశ్య కోణంతో సరిపెట్టుకుని అటువంటి ప్రైమ్‌ను ఎఫ్/4 జూమ్‌తో జత చేయడం మేలు.

మరొక అభిప్రాయం

మీరిద్దరూ 14 తప్పనిసరి అవునా కాదా అన్న సంగతిని దాటవేశారు. ఫ్రేము కర్ణం మీద దృశ్య కోణం 14 దగ్గర 114 డిగ్రీలు, 16 దగ్గర 107 డిగ్రీలు. చూడటానికి స్వల్పమైన ఈ తేడా ఇరుకైన లోయలో బాగా తెలుస్తుంది. అయితే ఎంత వెడల్పు పెంచితే దూరపు కొండ అంత కుంగిపోతుంది: అదే చోట నిలబడి 24 నుంచి 14కు మారితే ఫ్రేములో దాని ఎత్తు సుమారు 58 శాతానికి పడిపోతుంది. కాళ్ల దగ్గర బలమైన రాయో, నీటి పాయో లేనప్పుడు చిత్రంలో ఖాళీ నేల మాత్రమే మిగులుతుంది. అందువల్ల మీ పాత చిత్రాలలో 24 దగ్గర ఇరుకుగా తోచినవాటిని తీసి చూడండి. వెనక్కి జరిగే వీలు లేక ఇరుకైనవి ఎక్కువగా ఉంటేనే 14 కొనండి. అప్పుడు కూడా 82 మిల్లీమీటర్ల ఫిల్టర్ పట్టే నికాన్ జడ్ 14–30 ఎఫ్/4 వంటివి ఉన్నాయి.

ఏది కొన్నా మొదటి వారంలోనే దూరపు దృశ్యాన్ని ఎఫ్/5.6లో తీసి నాలుగు మూలలూ పోల్చండి. ఒక్క మూల మాత్రమే మసకగా ఉంటే లోపలి గాజులు పక్కకు జరిగి ఉండవచ్చు, ఆ లెన్సును మార్పించుకోండి.