మొదటి పవర్ కైట్ కొంటున్నా, ఏ సైజు తీసుకోవాలి?

వరంగల్_పతంగి:
అందరికీ నమస్తే. మాది వరంగల్, ఇప్పుడు ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్‌లో ఉంటున్నాం. చిన్నప్పటి నుంచి సంక్రాంతికి పతంగులు ఎగరేసినవాణ్ణే కానీ, ఆదివారం సెయింట్ ఆన్స్ బీచ్‌లో చూసింది వేరే లెక్క. ఒకాయన పరుపంత కైట్‌ని రెండు చేతులతో పట్టుకుని వెనక్కి వాలిపోయి, మడమలు ఇసుకలో గీరుకుంటూ పోతున్నాడు. అప్పటి నుంచి మనసంతా అదే. ఆన్‌లైన్‌లో చూస్తే రెండు దారాలవి, మూడు దారాలవి, నాలుగు దారాలవి, పైగా 1.4, 2.2, 3 అని సైజులు. నా బరువు 74 కిలోలు. మా బాబుకి 11 ఏళ్లు, వాడూ పట్టుకుంటానంటున్నాడు. ఒకేసారి 3 కొంటే ఇద్దరికీ పనికొస్తుందా?

గాలివాటం:
3 ఇప్పుడే వద్దు బ్రో. ముందు ఆ అంకెల సంగతి చూడండి, అందరూ తికమక పడేది ఇక్కడే. రెండు దారాల కైట్‌కి చాలా కంపెనీలు రాసేది ఈ కొస నుంచి ఆ కొసకి వెడల్పు, మీటర్లలో. నాలుగు దారాల వాటికి రాసేది విస్తీర్ణం, చదరపు మీటర్లలో. అంటే 2.2 అని ఉన్న రెండు దారాల కైట్‌లో 2 చదరపు మీటర్ల గుడ్డ కూడా ఉండదు, 3 అని ఉన్న నాలుగు దారాల దాంట్లో మాత్రం నిజంగానే 3 ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి పోల్చకండి.

రెండోది, గాలి. వేగం రెట్టింపైతే లాగుడు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. గంటకి 8 మైళ్ల గాలిలో హాయిగా ఆడిన కైటే 16 మైళ్లకి మిమ్మల్ని ఈడ్చుకుపోతుంది. మీ బరువుకి రెండు దారాల్లో 1.8 నుంచి 2.2 మధ్యది చాలు, 10 మైళ్ల గాలిలో మొదలుపెట్టండి.

మన పతంగి అలవాట్లు కొన్ని ఇక్కడ అడ్డం వస్తాయి. ఢీల్ వదలడం ఉండదు, దారం పొడవు మారదు, మామూలుగా 20, 25 మీటర్లు. ఎడమ చెయ్యి లాగితే ఎడమకి, కుడి లాగితే కుడికి. కొత్తవాళ్లు కంగారులో రెండు చేతులూ తల మీదికి ఎత్తేస్తారు, అలా చేస్తే పట్టు పోతుంది, మోచేతులు నడుము దగ్గరే ఉంచాలి. పెంచ్ మాట అస్సలు తలవకండి. ఈ కైట్లకి వాడే డైనీమా అనే సింథటిక్ దారం సుమారు 150 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, పక్కవాళ్ల దారం రాసుకుంటే ఆ వేడికే తెగిపోతుంది. బిగిసిన దారాన్ని ఉత్త చేత్తో పట్టుకోవద్దు, గాజుపొడి లేకపోయినా వేళ్లు కోస్తుంది.

వైజాగ్_అలలు:
గాలివాటం గారు చెప్పింది బాగుంది కానీ పిల్లాడు కూడా ఉన్నాడు కదా, నేనైతే మూడు దారాల బార్ కైట్ చెప్తాను, అంటే రెండు పిడులకి బదులు రెండు చేతులతో పట్టుకునే ఒకే కడ్డీ ఉన్నది. రెండు దారాల దాంట్లో భయమేసి పిడులు రెండూ వదిలేస్తే కైట్ దారాలతో సహా జనాల మీదికి పోతుంది. బార్ కైట్‌లో మూడో దారం మణికట్టుకి కట్టుకునే పట్టీకి ఉంటుంది, బార్ వదిలేయగానే కైట్‌లో బలం పోయి కింద పడుతుంది. నేను తూత్తుకుడిలో కైట్‌సర్ఫింగ్ నేర్చుకున్నప్పుడు నీళ్లలోకి దిగేముందు గట్టు మీద చేయించింది ఇదే, ఎగరేయడం కన్నా ముందు వదిలేయడం. బాబు చేత కూడా కావాలని వదిలేయించండి, మళ్లీ మళ్లీ, ఆలోచించకుండా చేతులు తెరుచుకునేదాకా. వాడికి ఇచ్చేటప్పుడు తక్కువ గాలి ఉండాలి, మీరు వెనకాలే నిలబడాలి.

లాంకషైర్_తెలుగు:
సెయింట్ ఆన్స్ సంగతి నేను చెప్తా. పడమటి గాలి సముద్రం మీంచి నేరుగా వస్తుంది కాబట్టి నిలకడగా ఉంటుంది. తూర్పు గాలైతే ఊరినీ ఇసుక దిబ్బలనీ దాటి రావాలి, కుదుపులెక్కువ, ఆ రోజు నేర్చుకోవడానికి పనికిరాదు. కానీ పడమటి గాలి లాగేది కూడా ఒడ్డువైపే, అక్కడ కుక్కలతో తిరిగేవాళ్లుంటారు, అందుకని మీ ముందు దారం పొడవుకి కనీసం రెండింతలు ఖాళీ చూసుకోండి. పోటు టైం చూడకుండా లోపలికి వెళ్లొద్దు, అక్కడ రిబుల్ నది కలిసేచోటు, నీళ్లు పక్క కాలవల్లోంచి మీ వెనక్కి చేరతాయి. బ్లాక్‌పూల్ ఎయిర్‌పోర్ట్ పక్కనే అని టెన్షన్ పడకండి, బ్రిటన్‌లో కైట్ ఎత్తు పరిమితి 60 మీటర్లు, విమానాశ్రయ పరిధిలో 30, మీ దారం ఆ రెండింటికీ లోపే.

వరంగల్_పతంగి:
అందరికీ థాంక్స్. బార్ కైట్‌కే ఫిక్స్. లేపేటప్పుడు, దింపేటప్పుడు ఏం చూసుకోవాలి?

గాలివాటం:
సరే, పిల్లాడుంటే బారే మేలు, ఒప్పుకుంటున్నా. గాలికి వీపు పెట్టి నిలబడండి. ఎదురుగా కిందిభాగంలో లాగుడు ఎక్కువ, నెత్తి మీద, రెండు పక్కల అంచుల్లో తక్కువ. లేచేటప్పుడు ఆ గట్టిచోటు దాటే వెళ్లాలి కాబట్టి ఒక కాలు ముందుకేసి సిద్ధంగా ఉండి, నేరుగా నెత్తి మీదికి తెచ్చి ఆపండి. అక్కడ ఆపడం వచ్చాకే పైపైన పడుకున్న ఎనిమిది అంకెలా తిప్పుతూ కొంచెం కొంచెం కిందికి దించండి. చాలనుకున్నప్పుడు మూడో దారం లాగండి, వెనక్కి వెనక్కి దిగుతుంది. దిగాక వెనక అంచు మీద రెండు దోసిళ్ల ఇసుక పోయకుండా పక్కకి జరగకండి, చిన్న గాలి తోసినా మళ్లీ లేస్తుంది. దారం బార్‌కి చుట్టేటప్పుడు కూడా ఎనిమిది అంకెలాగే చుట్టండి, మెలికలు పడవు.