సమస్య: ‘ఏబదేండ్లకు పాటకు నీడు వచ్చె’ (తేటగీతి)

నిర్వహణ:
ఈ వారం సమస్య తేటగీతి పాదం. ఇది చివరి పాదంగా వచ్చేలా ముందు మూడు పాదాలు మీరు రాయాలి.

ఏబదేండ్లకు పాటకు నీడు వచ్చె

అంశం: ఏళ్ళ తరబడి పాడి, ‘ఇక ఆమె పని అయిపోయింది’ అని అందరూ అనుకున్నాక డాన్స్ పాప్ ఆల్బమ్‌తో తిరిగొచ్చిన గాయని. ఎవరిని తీసుకుంటారో మీ ఇష్టం. పాదం అచ్చుతో మొదలవుతోంది కాబట్టి ముందున్న పదాన్ని బట్టి ‘యేబది’, ‘నేబది’ అని మార్చుకోవచ్చు. యతికి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో ఉండాల్సిన పొత్తుకు, ఇబ్బంది లేదు, ఏ–ఈ మైత్రి కుదిరింది. ఒక్కటి గమనించండి. ఇక్కడ ఈడు వచ్చింది గాయనికి కాదు, పాటకు. ఎందుకు వచ్చిందో మీ మూడు పాదాల్లో తేలాలి.

గురులఘువు:
బోణీ నాదే.

తల నెరసినంత మాత్రాన తాళ మాగు
ననెడు మాటను ద్రోసి తా నాట కెక్కె;
పట్టుదల గల వారికి వయసు లెక్కె?
యేబదేండ్లకు పాటకు నీడు వచ్చె.

నిర్వహణ:
గణాలు, యతులు శుద్ధంగా ఉన్నాయి. ధార కూడా బాగుంది. కానీ ఇది ఎవరి పద్యం? ఏబదేళ్ళకు పరుగుపందెంలో గెలిచినవారికైనా, డిగ్రీ పాసైనవారికైనా ఇదే పద్యం అతికిపోతుంది. ‘వయసు అడ్డు కాదు’ అంటే సమస్యను విప్పినట్టు కాదు, పక్కన పెట్టినట్టు. పట్టుదల ఉన్నవాళ్ళ ఆల్బమ్‌లు కూడా బోలెడన్ని మునిగిపోయాయి కదా!

గురులఘువు:
నిజమే గురువుగారూ. మొదటి పద్యం కదా అని తొందరపడ్డాను.

రికార్డుప్లేయర్:
నేను అమెరికా గాయని షేర్‌ని తీసుకున్నాను. 1946లో పుట్టిన మనిషి. సోనీ బోనోతో కలిసి పాడి 1965లోనే అమెరికా అంతటా పేరు తెచ్చుకుంది. 1974 మార్చి తర్వాత అమెరికా పాటల ‘హాట్ 100’ పట్టికలో మళ్ళీ మొదటి స్థానం దక్కింది 1999 మార్చిలో, ‘బిలీవ్’ పాటతో. మధ్యలో పాతికేళ్ళు! అదే పేరుతో ఆల్బమ్ 1998 అక్టోబరులో వచ్చింది. అప్పటికి ఆమెకు 52. ఆ పాటలో గొంతు ఉన్నట్టుండి యంత్రంలా విరుగుతుంది చూడండి, నా పద్యం దాని మీదే.

స్వరము దిద్దెడు యంత్రపు జవము పెంచి
నునుపు గొంతును మెట్లుగా నరికినంత
నదియె యందమై షేరుకు నబ్బినంత
నేబదేండ్లకు పాటకు నీడు వచ్చె.

నిర్వహణ:
ఇదీ నేను అడిగింది! పాటకు ఈడు ఎందుకు వచ్చిందో చెప్పడానికి పాట లోపలికే వెళ్ళారు. ఇక దోషాలు.

రెండో పాదంలో ‘ను–న’ యతి చెల్లదు. హల్లు ఒకటే అయినా అచ్చులకు మైత్రి లేదు. ఉకారానికి ఊ, ఒ, ఓ తోడు గాని అకారం కాదు. మొదటి పాదంలో ‘స్వ–జ’ మాత్రం సరైనదే. రెండు, మూడు పాదాల చివర ‘నంత, నంత’ అని మళ్ళీ రావడం చెవికి అడ్డం పడుతోంది. ‘నరికినంత’ అనే మాట కూడా కాస్త మొరటుగా ఉంది. అక్కడ జరిగింది నరకడం కాదు కదా?

రికార్డుప్లేయర్:
అవును, ఆలోచిస్తే నరకడం కాదు. ఆ యంత్రం పేరు ఆటో ట్యూన్, గొంతు శ్రుతి తప్పితే సరిచేసే సాఫ్ట్‌వేర్. మామూలుగా అందులో స్వరాన్ని సరిదిద్దే వేగాన్ని కొంచెం నెమ్మదిగా పెడతారు. అప్పుడు గొంతు ఒక స్వరం నుంచి మరో స్వరానికి సహజంగా జారుతుంది, దిద్దుబాటు వినేవాళ్ళకు తెలియదు. ఈ పాటలో ఆ అమరికను సున్నాకు తెచ్చారు, అంటే దిద్దుబాటు క్షణంలో జరిగిపోవాలి. దాంతో జారుడు పోయి ఒక స్వరం మీంచి ఇంకో స్వరం మీదికి గెంతు మిగిలింది. మన భాషలో గమకం తీసేసినట్టు. సవరించాను:

స్వరము దిద్దెడు యంత్రపు జవము పెరుగ
గమకముల జారు మెట్లుగా గడ్డకట్టె
నదియె యందమై షేరుకు నబ్బినంత
నేబదేండ్లకు పాటకు నీడు వచ్చె.

నిర్వహణ:
‘గమకముల జారు మెట్లుగా గడ్డకట్టె’ — ఈ పాదం చదివాక నేను సూచిద్దామనుకున్న సవరణ చింపేశాను. జారు అనేది గమకాల్లో ఒకటి కూడా కాబట్టి మాట రెండు వైపులా పనిచేస్తోంది. అభినందనలు.

శ్రుతిపెట్టె:
నాకు అభ్యంతరం ఉంది. గమకం పోవడాన్ని ‘అందం’ అని మెచ్చుకోవడమా? శ్రుతి కుదరనివాళ్ళకు ఊతకర్రలా వచ్చిన యంత్రం అది. దాన్ని పట్టుకుని పాటకు ఈడు వచ్చిందంటే ఎలా? నేను ‘ఈడు’ను ముసలితనం అనే అర్థంలోనే తీసుకుని రాశాను.

పాడ వలసిన గొంతుకు బదులు మీట
నొక్కి వయసును దాచిరి నూత్నముగను;
వన్నె వేసిన జుట్టుకు వయసు రాదె?
యేబదేండ్లకు పాటకు నీడు వచ్చె.

నిర్వహణ:
పద్యం నిర్దుష్టం. ‘నొ–నూ’ యతి చక్కగా పడింది. సమస్యను తలకిందులు చేసి వెక్కిరింపుగా వాడుకోవడం మన పూరణల్లో మొదటినుంచీ ఉన్నదే, మెచ్చుకుంటున్నాను.

పద్యంలోని వాదం మాత్రం షేర్ విషయంలో నిలవదండీ. దాచాలనుకుంటే ఎవరికీ తెలియకుండా దాచేవారు. యంత్రం చేసే పనే అది. ఇక్కడ అది అందరికీ వినబడేలా పెట్టారు, అదీ చరణాల్లో. పల్లవి అందుకునేసరికి ఆమె లోతైన గొంతు దాదాపు మామూలుగానే వినిపిస్తుంది. గొంతు లేకపోతే ఆ తేడా ఎలా తెలుస్తుంది?

రికార్డుప్లేయర్:
దాచింది ఒకటుంది లెండి! నిర్మాతలు మార్క్ టేలర్, బ్రయాన్ రాలింగ్. ఆ శబ్దం ఎలా వచ్చిందని 1999లో ఒక రికార్డింగ్ పత్రిక అడిగితే, టేలర్ ఆటో ట్యూన్ పేరు ఎత్తకుండా వోకోడర్ (గొంతును యంత్రపు గొంతులా మార్చేది) తరహా పరికరం వాడామని చెప్పాడు. వంటవాడు మసాలా రహస్యం చెప్పడు కదా. రికార్డు కంపెనీవాళ్ళు ఆ శబ్దం తీసేయమంటే షేరే ససేమిరా అంది. కాబట్టి మీట నొక్కింది ఇంజనీర్లయినా, ఉంచాలన్న నిర్ణయం గాయనిది.

ఆటో ట్యూన్ చేసిన ఆండీ హిల్డెబ్రాండ్ కథ ఇంకా తమాషా. అంతకుముందు ఆయన చమురు వెతికే పనిలో, భూమిలోపలి నుంచి వచ్చే కంపనాల లెక్కలు చూసేవాడు. ఆ గణితాన్నే గొంతు మీదికి తిప్పాడు. యంత్రం 1997లో మార్కెట్లోకి వచ్చింది, పాట మరుసటి ఏడే.

శ్రుతిపెట్టె:
ఉంచమన్నది ఆవిడేనా? అయితే ‘దాచిరి’ అన్నది షేర్‌కు వర్తించదు. ఆవిడను చూసి మిగతావాళ్ళు చేసిన పనికి నా పద్యం అట్టే పెట్టుకుంటాను. ఒక్క మాట మార్చను!

తొలిఅడుగు:
అందరికీ నమస్కారం. తేటగీతి ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను, తప్పులుంటే చెప్పండి. షేర్ 1979లోనే డిస్కో ఆల్బమ్ చేసింది. అదే ఏడు జులై 12న షికాగో బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులను కుప్పపోసి పేల్చేశారు. ఆ తర్వాత అమెరికాలో డిస్కో పేరు చెప్పడానికే సిగ్గుపడే రోజులొచ్చాయి. ఆ రెంటినీ కలిపాను.

నాడు డిస్కోను గాల్చిన నాటి బూది
లోపల విత్తనమై దాగి లోకమునకు
చిగురు జూపగ షేర్ గొంతు చేరినంత
నేబదేండ్లకు పాటకు నీడు వచ్చె.

నిర్వహణ:
ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవారు రాసిన పద్యమా ఇది! దోషం ఒక్కటే. రెండో పాదం మొదటి గణం ‘లోపల’ భగణం (గురువు, రెండు లఘువులు) అయింది, అక్కడ సూర్యగణం (గురువు, లఘువు గాని, మూడు లఘువులు గాని) రావాలి. ‘లోన విత్తనమై దాగి’ అంటే సరిపోతుంది, మిగతా గణాలు వాటంతటవే కుదురుతాయి. మొదటి పాదంలో ‘నాడు’ అని మళ్ళీ ‘నాటి’ ఎందుకు? తీరిక చూసుకుని మార్చండి. ‘చి–చే’ యతి సరైనదే.

భావానికి వస్తే, తిరిగి రావడమంటే కొత్త వేషం కట్టడమే అనుకుంటాం. మీరు మాత్రం ఆమె వదిలేసిన పాత దారినే మళ్ళీ పట్టిందంటున్నారు. డిస్కో చచ్చిందన్నాక ఆ తాళం క్లబ్బుల్లో ‘హౌస్’ అనే డాన్స్ సంగీతంగా బతికింది. అందులోనూ షికాగో క్లబ్బులే ముందు! 1998 నాటి ఆమె పాటకు నేల అక్కడ తయారైంది. బూది, విత్తనం కేవలం అలంకారాలు కావు, కార్యకారణాలు.

తొలిఅడుగు:
ధన్యవాదాలు గురువుగారూ. ‘లోన’ అని మార్చుకున్నాను. ‘నాటి’ సంగతి రాత్రికి చూస్తాను.

రాత్రిబండి:
అందరూ షేర్ వెంటే పడ్డారు. నేను మడొన్నా గురించి రాస్తాను. చిక్కల్లా ఆమె వయసుతోనే. ‘కన్‌ఫెషన్స్ ఆన్ ఎ డాన్స్ ఫ్లోర్’ వచ్చింది 2005 నవంబరులో. ఆమె పుట్టింది 1958లో. అంటే 47. ఏబదికి మూడు తక్కువ. ఇలా దాటాను:

పాట పాటకు మధ్యలో వ్యవధి లేక
రాత్రి యంతయు నొక తాళ మాత్ర మగుచు
మోగె, మఱల మడొన్నకు మూడు తక్కు
వేబదేండ్లకు పాటకు నీడు వచ్చె.

గురులఘువు:
ఆహా! ‘మూడు తక్కువ + ఏబదేండ్లకు’! సమస్యా పాదంలో అక్షరం కదపకుండా లెక్క సరిచేశారు. రెండో పాదంలో ‘రా–మా’ యతి ఎలా కుదిరింది?

రాత్రిబండి:
అది ప్రాసయతి, మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలుస్తాయి. రాత్రి–మాత్ర.

నిర్వహణ:
ఈ వారం చమత్కారానికి ఇదే మొదటిది. సంధితో సమస్యను విరిచిన తీరు పాతకాలపు అవధానుల పద్ధతి. పద్యం ఆల్బమ్ నిర్మాణాన్ని కూడా పట్టుకుంది. నిర్మాత స్టూవర్ట్ ప్రైస్‌తో లండన్‌లో చేసిన ఆ ఆల్బమ్‌లో పాటలు డీజే కలిపినట్టు ఒకదాంట్లోంచి ఒకటి వస్తాయి, మధ్యలో నిశ్శబ్దం ఉండదు. అసలు ఆల్బమ్ గంటసేపు కూడా లేదు, ‘రాత్రి యంతయు’ అతిశయోక్తే. కానీ క్లబ్బులో దాన్ని రాత్రంతా తిప్పినవాళ్ళు కాదనరు.

ఒక్క లోటు. 2003 నాటి ఆమె ఆల్బమ్ అంతకుముందువాటిలా అమ్ముడుపోలేదు. ఆ దెబ్బ పద్యంలో కనబడితే ‘మఱల’ అన్న మాటకు ఇంకా బలం వచ్చేది.

చాటువు:
ఆస్ట్రేలియా గాయని కైలీ మినోగ్‌ను వదిలేస్తే ఎలా? 2023 మే నెలలో ‘పదం పదం’, సెప్టెంబరులో ‘టెన్షన్’ ఆల్బమ్. ఆ పాటకు 2024లో గ్రామీ కూడా వచ్చింది. పాట పేరే తెలుగు పద్యం కోసం పుట్టినట్టుంది.

పదము పదమంచు గుండియ పలుకుచుండ
పదము కదిపెను లోకమ్ము పదము పాడి;
కైలి యాస్త్రేల్య కోయిల కంఠ మెత్త
నేబదేండ్లకు పాటకు నీడు వచ్చె.

నిర్వహణ:
పాటలో అది గుండె చప్పుడు. మీరు దానికి అడుగునూ పాటనూ జతచేశారు. ‘కై–కం’ యతి సరే. ‘కోయిల’ మాత్రం అరిగిపోయిన మాట, మొదటి రెండు పాదాల హుషారు అక్కడ చల్లబడింది.

రికార్డుప్లేయర్:
ఇంకో సందేహం. కైలీ ఎక్కడికి పోయిందని తిరిగి రావడానికి? 2020లో ‘డిస్కో’ ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి స్థానంలోనే ఉంది.

చాటువు:
బ్రిటన్‌కు దూరం కాలేదు గాని, అమెరికా రేడియోకు చాన్నాళ్ళు దూరంగానే ఉంది కదండీ! సరే, కోయిలను ఎగరగొట్టి కొత్త మూడో పాదంతో వస్తాను.

శ్రుతిపెట్టె:
నిర్వాహకులకు ఒక మనవి. ఇంత వాదన జరిగాక వచ్చే వారం సమస్య నేనే ఇస్తాను.

నిర్వహణ:
ఇవ్వండి. తేటగీతే కావాలి.

శ్రుతిపెట్టె:
‘శ్రుతిని సరిదిద్దు యంత్రమే శ్రుతిని చెఱచె’

నిర్వహణ:
గణాలు, యతి సరిపోయాయి. స్వీకరించాం. రికార్డుప్లేయర్ గారూ, షేర్ గురించి మళ్ళీ రాయకూడదని నియమం పెడుతున్నాను.