పియానో, పైపు ఆర్గన్ రెండూ ఒకే విశ్వవిద్యాలయంలో చదవడం గురించి

ప్రశ్న (ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థిని, గుంటూరు)

అందరికీ నమస్కారం. చిన్నప్పటి నుంచి పియానో నేర్చుకుంటున్నాను. ట్రినిటీ కాలేజ్ లండన్ వారి ఎనిమిదో గ్రేడు పూర్తయింది. మాది లూథరన్ కుటుంబం. ఆదివారం ఆరాధనలో కీబోర్డు వాయించేది నేనే. జర్మన్ స్వరకర్త బాక్ చర్చి కీర్తనల ఆధారంగా రాసిన కోరల్ ప్రెల్యూడులు విన్న తరువాత పైపు ఆర్గన్ (గొట్టాలలోకి గాలి పంపి పలికించే పెద్ద వాద్యం) నేర్చుకోవాలన్న కోరిక బలపడింది. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఈస్ట్‌మన్ సంగీత పాఠశాలకు దరఖాస్తు చేయాలనుకుంటున్నాను. అక్కడ పియానో, ఆర్గన్ రెండూ సమానంగా చదవడం వీలవుతుందా? ఇంతవరకు పైపు ఆర్గన్‌ను దగ్గర నుంచి చూడనైనా చూడని నేను ప్రవేశ పరీక్షకు ఎలా సిద్ధం కావాలి? చదువుకుంటూనే అక్కడి చర్చిలో వాయించి కొంత ఖర్చు రాబట్టుకోవచ్చని బంధువులు చెబుతున్నారు; అది ఎంతవరకు నిజం? తెలిసిన పెద్దలు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1 (ఆర్గన్ విద్యార్థి, రోచెస్టర్)

చెల్లెమ్మా, మీ మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతాను. బ్యాచిలర్ ఆఫ్ మ్యూజిక్ డిగ్రీ ఒక ప్రధాన వాద్యం చుట్టూ నడుస్తుంది. వారం వారం గురువు దగ్గర పాఠం, ఏటా జరిగే పరీక్ష, చివరి కచేరీ అన్నీ ఆ వాద్యం మీదే ఉంటాయి కనుక, రెండింటినీ సరిసమానంగా మోయడం కన్నా ఒకదాన్ని ప్రధానంగా ఎంచుకుని, రెండోదాన్ని అదనపు పాఠాలుగా కొనసాగించడమే మేలని నా గట్టి అభిప్రాయం. మీ మనసు ఆర్గన్ మీద ఉంటే ఆర్గన్‌నే ప్రధానంగా పెట్టండి. ఆర్గన్ విభాగాలు చాలాచోట్ల పియానో నేపథ్యంతో వచ్చేవారిని ఆదరంగా చేర్చుకుంటాయి. పియానో మీదే ప్రవేశ పరీక్ష ఇవ్వనిచ్చే పాఠశాలలూ ఉన్నాయి. అయితే ఆ ఏటి నిబంధనలను పాఠశాలకు రాసి తెలుసుకున్న తరువాతే రచనలను ఎంచుకోండి.

ఆర్గన్‌ను మరిన్ని మెట్లున్న పియానోగా ఊహించుకోవద్దని ముందే చెప్పాలి. పియానోలో మెట్టును ఎంత వేగంగా నొక్కితే సుత్తి తీగను అంత బలంగా తాకుతుంది. తాకిన క్షణం నుంచి నాదం తగ్గుతూనే ఉంటుంది. ఆర్గన్‌లో మెట్టు నొక్కగానే పైపు కింది మూత తెరుచుకుని గాలి లోపలికి వెళుతుంది. ఎంత మెల్లగా నొక్కినా, ఎంత గట్టిగా నొక్కినా, వేలు ఎత్తేదాకా నాదం ఒకే స్థాయిలో నిలిచి ఉంటుంది. అందుచేత పియానిస్టు వేలి బరువుతో తెచ్చే భావాన్ని ఆర్గనిస్టు వేలు ఎత్తే వేళతో తేవాలి. ఒక స్వరాన్ని రవ్వంత ముందుగా వదిలితే తరువాతి స్వరం నొక్కి పలికినట్లు వినిపిస్తుంది. ఆ రవ్వంతను చెవికి అలవాటు చేయడానికే మొదటి ఏడాదిలో చాలా భాగం పడుతుంది. ఆపైన పాదాల పని ఉంది; ఆర్గన్‌లో పాదాలతో నొక్కే మెట్లు కూడా ఉంటాయి. బాక్ రాసిన ఆరు త్రయ సొనాటాలలో కుడి చెయ్యి ఒక గాత్రం (విడిగా సాగే స్వర వరుస), ఎడమ చెయ్యి ఒకటి, పాదాలు మరొకటి వాయిస్తాయి. ఏ ఒక్కటి తడబడినా దాచుకోవడానికి చోటుండదు.

పాఠశాలను ఎంచుకునేటప్పుడు గురువులతో పాటు అక్కడి వాద్యాలను కూడా చూడండి, ఎందుకంటే పియానోల మధ్య ఉండే తేడా కన్నా ఆర్గన్ల మధ్య ఉండే తేడా చాలా ఎక్కువ. రోచెస్టర్‌లోని క్రైస్ట్ చర్చిలో 2008లో ప్రతిష్ఠించిన ఆర్గన్, లిథువేనియాలోని విల్నియస్ నగరంలో ఆడమ్ గాట్‌లోబ్ కాస్పరీని అనే నిర్మాత 1776లో నిర్మించిన వాద్యాన్ని అనుసరించి, స్వీడన్‌లోని గోటెబోర్గ్ పరిశోధకుల ఆధ్వర్యంలో తయారైంది. రోచెస్టర్‌లోనే ఉన్న మెమోరియల్ ఆర్ట్ గ్యాలరీలో 2005 నుంచి పాతకాలపు ఇటాలియన్ బరోక్ ఆర్గన్ ఉంది. ఆనాటి ఇటాలియన్ వాద్యాలలో పాదాల మెట్లు చాలా తక్కువ కాబట్టి, ఆ కాలపు ఇటాలియన్ స్వరకర్త ఫ్రెస్కోబాల్డి సంగీతం ఎందుకు దాదాపు చేతులకే పరిమితమైందో అలాంటి వాద్యం ముందు కూర్చుంటే ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. ఈస్ట్‌మన్ పాఠశాల 1921లో ప్రారంభమైంది. దాన్ని స్థాపించిన కొడాక్ అధినేత జార్జ్ ఈస్ట్‌మన్ తన ఇంట్లోనే ఆర్గన్ పెట్టించుకున్నారు. ఆయనకు ఇంట్లో వాయించిన హెరాల్డ్ గ్లీసన్ తరువాత అక్కడి ఆర్గన్ విభాగాన్ని నడిపారు.

సమాధానం 2 (పియానో అధ్యాపకురాలు, సికింద్రాబాద్)

అమ్మా, పై సోదరుడు చెప్పినదంతా సరైనదే. సన్నాహం గురించి మాత్రం కొంత చేర్చాలి. మన చర్చిలలో కీబోర్డు వాయించేవారికి చెవి చురుకుగా ఉంటుంది. కానీ పాట శ్రుతి మారగానే చెయ్యి ట్రాన్స్‌పోజ్ బటన్ (శ్రుతిని దానంతటదే మార్చే మీట) మీదికి పోతుంది. ఆ బటన్‌ను ఈ రోజు నుంచే మరిచిపోండి. ఒకే కీర్తనను సి, డి, ఇ ఫ్లాట్, ఎఫ్ శ్రుతులలో నాలుగు గాత్రాలతో చేతితోనే వాయించడం అలవాటు చేసుకోండి. సంగీత పాఠశాలలో కీబోర్డ్ హార్మొనీ తరగతిలో కూర్చున్ననాడు ఈ శ్రమ ఎంత విలువైనదో తెలుస్తుంది. కీబోర్డు తనంతట తానే తాళం వేసే ఆటో రిథమ్ కూడా ఆపేయండి.

పియానో మీద బాక్ ఫ్యూగ్ (ఒకే రాగభాగాన్ని గాత్రాలు ఒకదాని తరువాత ఒకటి అందుకునే రచన) ఒకటి, నాదాన్ని నిలిపి ఉంచే సస్టెయిన్ పెడల్ ముట్టకుండా వాయించండి. పెడల్ అండ లేనప్పుడు వేళ్లే స్వరాలను కలపాలి. ఒక మెట్టు మీదే వేలు మార్చుకుంటూ నాదం తెగకుండా నిలిపే నేర్పు అక్కడే పట్టుబడుతుంది, ఆర్గన్‌కు కావలసినదీ అదే. మూడు గాత్రాలలో రెండింటిని వాయిస్తూ మూడోదాన్ని నోటితో పాడండి. కష్టంగానే ఉంటుంది, అయినా విడవకండి. సొనాటా, రొమాంటిక్ యుగపు రచన, ఎటూడ్ (సాధన కోసం రాసిన రచన) కూడా పియానో ప్రవేశ పరీక్షలలో సాధారణంగా అడుగుతారు.

వీలైతే చెన్నై వెళ్లి, సెయింట్ ఆండ్రూస్ కర్క్ అనే చర్చిలోని పైపు ఆర్గన్‌ను ఆదివారం ఆరాధనలో వినండి. వాద్యం చూపించగలరా అని ముందుగా ఉత్తరం రాసి, సంఘ పెద్దలను మర్యాదగా అడగండి.

సమాధానం 3 (విదేశీ విద్యార్థుల సలహాదారు, న్యూజెర్సీ)

చర్చి ఉద్యోగం విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. అమెరికాలో ఆర్గన్ విద్యార్థులు చర్చిలలో జీతానికి వాయించడం మామూలే, కానీ ఆ స్వేచ్ఛ అక్కడి పౌరులకు ఉన్నట్లు ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వచ్చిన వారికి ఉండదు. తరగతులు జరిగే కాలంలో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలకు మించకుండా పని చేయవచ్చు. మొదటి విద్యా సంవత్సరంలో క్యాంపస్ బయట ఉద్యోగం కుదరదు. ఆ తరువాత కూడా విశ్వవిద్యాలయపు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం ద్వారా తగిన అనుమతి పొందాలి. అనుమతి లేకుండా ఆదివారం ఆరాధనకు జీతం పుచ్చుకుంటే వీసా హోదాకే ముప్పు వస్తుంది. కాబట్టి చర్చి జీతాన్ని నమ్ముకుని ఖర్చుల లెక్క వేయవద్దు; స్కాలర్‌షిప్ ఎంత ఇస్తారో రాతపూర్వకంగా తెలుసుకున్న తరువాతే అప్పు గురించి ఆలోచించండి.

ప్రశ్నించినవారి స్పందన

అందరికీ ధన్యవాదాలు. ఆర్గన్‌నే ప్రధాన వాద్యంగా పెట్టి దరఖాస్తు చేయాలని నిర్ణయించుకున్నాను. మా ఇంట్లో ఉన్నది 61 మెట్ల కీబోర్డు మాత్రమే; ప్రవేశ పరీక్ష సాధనకు అది సరిపోతుందా?

సమాధానం (పియానో అధ్యాపకురాలు, సికింద్రాబాద్)

చాలా ఆర్గన్లలో చేతి మెట్ల వరుసకు ఉండేవి 61 మెట్లే కాబట్టి, ఫ్యూగ్ వేళ్లను సరిచూసుకోవడానికి, కీర్తనలు శ్రుతి మార్చి వాయించడానికి అది చాలు. పరీక్ష పియానో మీద జరిగితే మాత్రం అసలు పియానోలాగా నొక్కితే బరువుగా దిగే 88 మెట్లున్న వాద్యం తప్పనిసరి. పరీక్ష నాటికి కనీసం ఆరు నెలల ముందు నుంచి, మీ గురువుగారి ఇంట్లోనో బడిలోనో, రోజూ అసలైన పియానో దొరికే ఏర్పాటు చేసుకోండి.