‘సంబరం’లో అంబరం లేదు

‘అంబరాన్నంటిన సంబరాలు’ అన్న శీర్షిక పత్రికలలో ఎంతగా అరిగిపోయిందంటే, ‘సంబరం’ అన్న మాటను ‘సం’, ‘అంబరం’ అని విడదీసి, ఆకాశమంత ఆనందమని అర్థం చెప్పేవారు కూడా కనిపిస్తున్నారు. ప్రాస కుదిరినంత మాత్రాన వ్యుత్పత్తి కుదరదు. ‘సమ్’ అనే ఉపసర్గకు ‘అంబరం’ చేరితే ‘సమంబరం’ కావాలి గాని ‘సంబరం’ కాదు.

నాకు ఒప్పుగా తోచే మూలం సంస్కృతంలోని ‘సంభ్రమం’. భక్తి బత్తి అయినట్లు, భిక్ష బిచ్చం అయినట్లు ఇక్కడ కూడా ‘భ’ ఒత్తు జారి ‘బ’ అయింది. రత్నం రతనం అయినట్లు సంయుక్తాక్షరం మధ్య ఒక అచ్చు చేరింది. ‘సంభ్రమము’ చివర వెంటవెంట వచ్చే రెండు మకారాలలో ఒకటి లోపించింది. అర్థానికి సాక్ష్యం పక్కనే ఉన్న కన్నడం. కన్నడిగులు ‘సడగర సంభ్రమ’ అని జంటగా పలికే చోట ‘సంభ్రమ’కు ఉన్న అర్థం మన సంబరమే. మనం మాత్రం తత్సమాన్ని దాదాపుగా ‘సంభ్రమాశ్చర్యాల’కు పరిమితం చేసి, సంతోషం చెప్పే పనంతా తద్భవానికి అప్పగించాము.

అయితే సంస్కృత సంభ్రమానికి ఆనందం మొదటి అర్థం కాదు. తిరుగుడును చెప్పే ‘భ్రమ్’ ధాతువు నుంచి పుట్టిన ఆ మాట తొందరను, తొట్రుపాటును, కలవరాన్ని చెబుతుంది. పూజ్యులు వచ్చినప్పుడు ససంభ్రమంగా లేచి ఎదురువెళ్లడంలో ఉన్నది ఆ తొందరే. అదే ధాతువు నుంచి వచ్చిన ‘విభ్రమం’ అలంకారశాస్త్రంలో ఇంకా ముచ్చటైనది: ప్రియుడు వస్తున్నాడన్న హర్షంలో నాయిక ఒకచోట పెట్టుకోవలసిన నగను మరొకచోట పెట్టుకోవడం. అక్కడ తడబాటుకు కారణం సంతోషమే కనుక, తొందరను చెప్పే మాట సంతోషాన్ని చెప్పే మాటగా మారడంలో వింతేమీ లేదు. కుదురుగా కూర్చోనివ్వని సంతోషమే సంబరమని నా అభిప్రాయం. చంకలు గుద్దుకునేది సంబరంలోనే. ‘ప్రశాంతంగా సంబరపడ్డాడు’ అని ఎవరూ అనరు.

వాడుకలో గమనించవలసింది వచనభేదం. ‘నాకెంత సంబరంగా ఉందో’ అన్నప్పుడు ఏకవచనం మనసులోని భావం. ‘సంక్రాంతి సంబరాలు’ అన్నప్పుడు బహువచనం నలుగురూ కలిసి జరుపుకునే కార్యం. గోదావరి ప్రాంతంలో ‘వీరభద్రుడి సంబరం’ అన్నప్పుడు మాత్రం ఏకవచనంలోనే కార్యం వినిపిస్తుంది. తెలంగాణలో ఇది ‘సంబురం’. ‘బతుకమ్మ సంబురాలు’ అన్న రూపం పత్రికలలోనూ స్థిరపడింది కనుక దానిని అచ్చుతప్పుగా భావించి దిద్దనక్కరలేదు.

ఈ మాటకు ఒక చిన్నచూపు నీడ కూడా ఉంది. ‘అప్పుడే సంబరపడకు’ అని హెచ్చరిస్తాము. ‘దానికే సంబరపడిపోతున్నాడు’ అన్నప్పుడు ఎదుటివాడి ఆనందం మన కంటికి కొంచెం చిన్నదిగా కనిపిస్తున్నదన్నమాట. చెవికి దీనికి దగ్గరగా వినిపించే ‘సంబడం’ అయితే ఎక్కువగా వెటకారానికే పనికివస్తుంది: ‘ఈ సంబడానికా ఇంత హడావుడి!’

సంబరానికి దగ్గరి మాటలలో ‘ఉత్సవం’ నియమబద్ధమైన కార్యం. ‘వాడికి ఉత్సవంగా ఉంది’ అనడం కుదరదు. ‘వేడుక’కు పాత కావ్యాలలో కోరిక, కుతూహలం అన్న అర్థాలు కూడా ఉన్నాయి, నేడు అది పెండ్లి నుంచి ప్రమాణస్వీకారం దాకా ప్రతి శుభకార్యానికీ వాడే సాధారణ నామమైంది. ఆ అలవాటులోనే కాబోలు, కొందరు విలేఖరులు ‘వర్ధంతి వేడుకలు’ అని కూడా రాసేస్తున్నారు. జయంతికి వేడుకలు జరపవచ్చు గాని, వర్ధంతి నాడు చేసేది సంస్మరణ.