ఏయూ లా కాలేజీలో చదివి పైకొచ్చినవాళ్లు ఎవరెవరు?

ఉప్పుగాలి
అందరికీ నమస్కారం. మా అన్నయ్య కూతురికి లాసెట్‌లో ఆంధ్రా యూనివర్సిటీ లా కాలేజీలో మూడేళ్ల కోర్సుకి సీటు వచ్చింది. పిల్ల ఎగిరి గంతేస్తోంది, మా అన్నయ్య మాత్రం మొహం ముడుచుకుని కూర్చున్నాడు. లా చదవాలనుకుంటే ఇంటర్ అవగానే క్లాట్ రాసి నేషనల్ లా యూనివర్సిటీకి పోవాల్సింది, డిగ్రీ అయ్యాక ఇక్కడ చేరితే చెట్టు కింద ప్లీడరువే అవుతావు అంటున్నాడు. నాకు మూడు సంగతులు కావాలి. ఒకటి, అక్కడ చదివి పేరు తెచ్చుకున్నవాళ్లు ఎవరు. రెండు, అటెండెన్స్ గట్టిగా చూస్తారా. మూడు, చదువయ్యాక జూనియర్‌గా చేరితే మొదటి రెండు మూడేళ్లు ఎలా గడుస్తాయి.

వకాల్తా వారం
వెంకయ్యనాయుడు గారొక్కరు చాలరా? ఉపరాష్ట్రపతిగా చేశారు! నెల్లూరు వీఆర్ కాలేజీలో బీఏ అయ్యాక ఇక్కడే లా చదివారు. 73-74లో యూనివర్సిటీ కాలేజీల విద్యార్థి సంఘం అధ్యక్షుడు. ఇంకా సుప్రీంకోర్టు జడ్జిగా చేసిన చలమేశ్వర్ గారు, అక్కడే చీఫ్ జస్టిస్‌గా చేసిన ఎన్.వి.రమణ గారు, బాలయోగి గారు, దామోదరం సంజీవయ్య గారు. మీ అన్నయ్యగారికి ఈ లిస్టు చూపించండి, నోరు మూతపడుతుంది.

తప్పులెన్నువాడు
లిస్టులో ఐదుగురుంటే ఇద్దరు తప్పు. రమణ గారు లా చదివింది నాగార్జున యూనివర్సిటీలో. సంజీవయ్య గారిది మద్రాసు లా కాలేజీ. సబ్బవరంలో ఉన్న నేషనల్ లా యూనివర్సిటీకి ఆయన పేరు పెట్టారు కాబట్టి విశాఖలో చదివాడని మీరు అనేసుకున్నట్టున్నారు. ఆ యూనివర్సిటీ వచ్చింది 2008లో. సంజీవయ్య గారు ముఖ్యమంత్రిగా చేసింది 1960 నుంచి 62 దాకా.

వకాల్తా వారం
సరే సార్, ఒప్పుకుంటున్నా. ఒక్క పేరు అటూ ఇటూ అయితే ఇంత వెటకారం అక్కర్లేదు.

తప్పులెన్నువాడు
ఒకటి కాదు, రెండు. ఏయూ లా కాలేజీకి ఇప్పుడు డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ పేరుంది. మీ లెక్కన ఆయన కూడా మన పూర్వ విద్యార్థే అనుకోవాలి.

కోనసీమ కొబ్బరి
బాలయోగి గారి పేరు ఎవరో ఒకరు అన్నారు, సంతోషం. అందరూ పేరు చెప్పి వదిలేస్తారు. హైదరాబాదులో మా ఆఫీసు కుర్రాళ్లైతే గచ్చిబౌలి స్టేడియం పేరు చూసి ఆయన ఎవరో ఆటగాడు అనుకుంటున్నారు! యెదుర్లంకలో పుట్టినవాడు. ఏయూలో లా చదివి కాకినాడలో ప్రాక్టీసు పెట్టాడు. 87లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్ చైర్మన్, 91లో అమలాపురం ఎంపీ, 98లో లోక్‌సభ స్పీకర్. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు.

1999 ఏప్రిల్ 17 గుర్తుందా? వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. 269, 270. అప్పటికి గిరిధర్ గమాంగ్ ఒడిశా ముఖ్యమంత్రి అయి రెండు నెలలు, కానీ ఎంపీ పదవి వదల్లేదు. ఓటు వేయచ్చా లేదా అని సభలో గొడవ. బాలయోగి గారు దాన్ని ఆయన మనస్సాక్షికే వదిలేశారు. మాట రూలు ప్రకారమే ఉంది, ప్రభుత్వం పోయింది. సొంత పార్టీ టీడీపీ ఆ ప్రభుత్వానికి ఓటేస్తున్నా కుర్చీలో ఉన్న మనిషి అటువైపు తూగలేదు. లా చదువు అక్కడ పనికొచ్చిందని నా నమ్మకం.

2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలినప్పుడు నేను తొమ్మిదో తరగతి. మా ఊళ్లో ఆ రోజు పొయ్యి వెలిగించిన ఇల్లు లేదు. ఇప్పటికీ యానాం, యెదుర్లంక మధ్య వంతెన ఎక్కితే ఆయన పేరు చూడకుండా దాటలేం.

అరకు కాఫీ
పైకి రావడం అంటే పదవులేనా? మా కొండల్లో అడిగితే అందరూ చెప్పే పేరు మీ ఎవరి లిస్టులోనూ లేదు. జస్టిస్ కె.రామస్వామి. భీమవరంలో డిగ్రీ, ఏయూలో లా. 1989 నుంచి సుప్రీంకోర్టులో. 1997 జూలైలో రిటైరవుతూ రిటైరవుతూ ఇచ్చిన తీర్పు సమత కేసు. అనంతగిరి, బొర్రా వైపు గిరిజన గ్రామాల్లో గనుల లీజులు ప్రైవేటు వాళ్లకిచ్చారు. షెడ్యూల్డ్ ఏరియాలో భూమి గిరిజనేతరుడికి పోకూడదని చట్టం ఉంది కదా, ప్రభుత్వ భూమికి అది వర్తించదని వాదన. ప్రభుత్వం కూడా ఆ చట్టంలో చెప్పిన 'వ్యక్తి' కిందికే వస్తుంది, అదీ ఇవ్వడానికి వీల్లేదు అన్నారాయన. ముగ్గురు జడ్జిల్లో ఒకరు విభేదించారు, ఇద్దరి మాట నిలబడింది. లాభంలో కనీసం 20 శాతం అక్కడి జనం కోసం పక్కన పెట్టాలని కూడా రాశారు. అది ఎంతవరకు అమలైందో మా ఊరొచ్చి చూడండి, చెబుతాను.

పాత సనదు
రామస్వామి అంటే పార్లమెంటులో అభిశంసన పెట్టారే, ఆయనే కదా? ఆయన్ని గొప్ప అని రాస్తున్నారేంటి.

అరకు కాఫీ
కాదు! దయచేసి ఒకసారి చదువుకుని రాయండి. అభిశంసన వచ్చింది వి.రామస్వామి మీద. ఆయన తమిళనాడు మనిషి. మేం మాట్లాడేది కె.రామస్వామి గురించి. ఇద్దరూ ఒకే రోజుల్లో సుప్రీంకోర్టులో ఉన్నారు, అంతే. మా మనిషికి పక్కవాడి మచ్చ అంటిస్తే ఊరుకోను.

తప్పులెన్నువాడు
అరకు గారు చెప్పిందే నిజం. వి.రామస్వామి తీర్మానం 1993 మేలో లోక్‌సభకి వచ్చింది. అనుకూలంగా 196, వ్యతిరేకంగా సున్నా, 205 మంది ఓటే వేయలేదు. కాంగ్రెస్ వాళ్లు కూర్చుండిపోయారు, తీర్మానం వీగిపోయింది.

పాత సనదు
ఇనిషియల్ పొరపాటు. ముప్ఫై రెండేళ్లుగా కోర్టులో నిలబడ్డవాణ్ణి, ఈ మాత్రానికి నాకు పాఠం అక్కర్లేదు. మీరంతా పేర్లు ఏరుకుంటున్నారు. నేను రోజూ జడ్జిల ముందు నిలబడేవాణ్ణి కాబట్టి చెబుతున్నా, చలమేశ్వర్ గారిని ఈ లిస్టులో పెట్టడం నాకు నచ్చలేదు. 2018 జనవరి 12న ఇంటి లాన్‌లో కుర్చీలు వేసి, పత్రికలవాళ్లను పిలిచి, చీఫ్ జస్టిస్ కేసులు పంచే పద్ధతి బాగాలేదని నలుగురు జడ్జీలు చెప్పడం ఏమిటి? జడ్జి మాట్లాడాల్సింది తీర్పులో. ఇంట్లో గొడవ వీధిలో పెట్టారు.

మూడేళ్ల ప్రాక్టీసు
ఇంట్లో పెద్దాయన వినకపోతే ఎక్కడ పెట్టాలి సార్? ముందు లేఖ రాశారు, వెళ్లి కలిశారు, పని జరగలేదు కాబట్టే బయటికొచ్చారు. ఆయన తీర్పులో మాట్లాడలేదని ఎలా అంటారు? 2015లో జడ్జీల నియామకాల కమిషన్ కేసులో ఐదుగురిలో నలుగురు కమిషన్ చెల్లదన్నారు, ఆయనొక్కడే ఉండాలన్నాడు. జడ్జీలే జడ్జీలను ఎంపిక చేసే కొలీజియంలో ఏం జరుగుతుందో బయటివాడికి తెలియదని తీర్పులోనే రాశాడు. అదే ఏడాది, ఆన్‌లైన్ రాతలకి అరెస్టు చేయడానికి వాడిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని కొట్టేసిన బెంచిలో ఇద్దరే జడ్జీలు, ఒకరు నారిమన్, ఇంకొకరు ఈయన. మీరు ఇక్కడ ఇలా తిట్టగలుగుతున్నారంటే అందులో ఆయన చెయ్యీ ఉంది.

పాత సనదు
నేను తిట్టలేదు. విమర్శించాను. తేడా తెలియకపోతే ప్రాక్టీసు మొదలుపెట్టాక తెలుస్తుంది తమ్ముడూ.

మూడేళ్ల ప్రాక్టీసు
తమ్ముడూ అనకండి, నా వయసు మీకు తెలీదు.

వకాల్తా వారం
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. ఎవరూ గమనించని ఒక ముచ్చట. ఆ జనవరిలో చీఫ్ జస్టిస్ మీద మాట్లాడిన నలుగురిలో ఒకరు ఏయూ లా కాలేజీ. అదే ఏప్రిల్‌లో అదే చీఫ్ జస్టిస్ మీద ప్రతిపక్షాలు రాజ్యసభలో అభిశంసన నోటీసు ఇస్తే, చైర్మన్ హోదాలో దాన్ని తిరస్కరించిన వెంకయ్యనాయుడు గారు కూడా ఏయూ లా కాలేజీ! దేశమంతా చూసిన గొడవలో రెండు వైపులా మనవాళ్లే. ఇద్దరూ క్లాస్‌మేట్లు కూడా అయ్యుంటారు.

తప్పులెన్నువాడు
మళ్లీ మొదలు. వెంకయ్యనాయుడు గారు అధ్యక్షుడిగా ఉన్నది 73-74, చలమేశ్వర్ గారు పట్టా పుచ్చుకుంది 76. ఇక్కడిదాకానే చెప్పగలం. ఒకే బెంచీ మీద కూర్చోబెట్టేది మీ ఊహ. ఇంకొకటి, 'రెండు వైపులా' అన్నది కూడా సరిగ్గా లేదు. చలమేశ్వర్ గారు అభిశంసన అడగలేదు. కేసుల పంపకం గురించి మాట్లాడారు.

పాత సనదు
నోటీసు తిరస్కరించడం నూటికి నూరుపాళ్లు చట్టప్రకారమే. 1968 నాటి జడ్జీల విచారణ చట్టం మూడో సెక్షన్ తీయండి. చైర్మన్ తనకు తగినవారిని సంప్రదించి, కాగితాలు చూసి, తీసుకోవచ్చు లేదా కాదనచ్చు. యాభై మంది సంతకాలు ఉన్నంత మాత్రాన పోస్టాఫీసులా ముద్ర కొట్టి పంపాలని లేదు.

మూడేళ్ల ప్రాక్టీసు
20న ఇచ్చారు, 23న తిరస్కరించారు. మధ్యలో శనివారం, ఆదివారం. మా ఊరి కోర్టులో ఒక కాపీ అప్లికేషన్‌కి పట్టే టైమ్ కూడా కాదు.

పాత సనదు
త్వరగా చేస్తే తప్పు, ఆలస్యం చేస్తే తప్పు. మీ తరానికి న్యాయవ్యవస్థ అంటే సెల్‌ఫోన్‌లో చూసే వీడియో.

నల్లకోటు అక్క
మగమహారాజులు కాస్త ఆగుతారా. ఇరవై పోస్టులు దగ్గరపడ్డాయి, ఒక్క ఆడపేరు లేదు. అడిగింది ఒక ఆడపిల్ల కోసం! జస్టిస్ జి.రోహిణి. విశాఖలో పుట్టారు, ఏయూలోనే లా. 1980లో ఎన్‌రోల్ అయ్యారు, 2001లో ఏపీ హైకోర్టు జడ్జి, 2014లో ఢిల్లీ హైకోర్టుకి చీఫ్ జస్టిస్. ఆ కుర్చీలో అంతకుముందు ఆడమనిషి లేదు. తర్వాత ఓబీసీల వర్గీకరణ కమిషన్‌కి అధ్యక్షురాలు. 2017లో వేశారు, పొడిగించుకుంటూ పొడిగించుకుంటూ 2023 జూలైలో నివేదిక ఇచ్చారు.

ఎన్‌రోల్‌మెంట్‌కి, జడ్జి కావడానికి మధ్య ఇరవై ఏళ్లు. ఉప్పుగాలి గారూ, మీ అన్నయ్యకి ఆ ఇరవై ఏళ్ల గురించి చెప్పండి, పదవి గురించి కాదు. నా మొదటి సీనియర్ దగ్గర రెండేళ్లు వాయిదాలు అడగడం తప్ప నోరు తెరవనివ్వలేదు. పొద్దున్నే కేసు కట్టలు సర్దడం, ఆ రోజు కేసుల పట్టిక, అదే కాజ్ లిస్టులో నంబర్లు రాసుకోవడం, "సీనియర్ గారు వేరే కోర్టులో ఉన్నారు, పాసోవర్ ప్లీజ్" అని కేసు కాసేపాగి పిలవమనడం. నెలాఖరుకి చేతిలో పెట్టేది ఆటో ఖర్చులకి కూడా చాలేది కాదు. నాతో చేరిన కుర్రాడికి మాత్రం మూడో నెలలోనే బెయిల్ పిటిషన్ వాదించే ఛాన్స్ ఇచ్చాడు. అడిగితే "నీకెందుకమ్మా, రేపు పెళ్లయితే మానేస్తావు" అన్నాడు. మానలేదు. ఇప్పుడు నా దగ్గర ముగ్గురు జూనియర్లు, ముగ్గురూ ఆడపిల్లలే. చేరిన వారంలోనే వాళ్ల చేత జడ్జిగారి ముందు నాలుగు మాటలు మాట్లాడిస్తాను. తప్పులు మాట్లాడినా సరే.

మూడేళ్ల ప్రాక్టీసు
మూడో ప్రశ్నకి నా బాధ కూడా రాసుకోండి. నేను జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకి చదువుతున్నా. 2025 మే 20న సుప్రీంకోర్టు మళ్లీ మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి చేసింది. లా అవగానే రాసేద్దామని ఇంట్లో చెప్పుకుని అప్పు చేసినవాణ్ణి. ఇప్పుడు కోర్టు వరండాలో మూడేళ్లు. పాత సనదు గారూ, మీ దగ్గర ఖాళీ ఉంటే జూనియర్‌గా తీసుకుంటారా?

పాత సనదు
తీసుకుంటాను. ముందు నారిమన్ పేరు ఎత్తేటప్పుడు తండ్రా కొడుకా చెప్పడం నేర్చుకో. 66ఏ తీర్పు రాసింది కొడుకు, రోహింటన్ నారిమన్.

మూడేళ్ల ప్రాక్టీసు
నేను రామస్వాములిద్దర్నీ కలపలేదు సార్.

కోనసీమ కొబ్బరి
😂😂

ఉప్పుగాలి
అందరికీ థాంక్స్. మా అన్నయ్య దీన్నంతా పైనుంచి కిందిదాకా చదివాడు. బాలయోగి గారి దగ్గర కాసేపు ఆగాడు. తర్వాత "ఈ లాయర్లు ఇక్కడే ఇలా కొట్టుకుంటుంటే కోర్టులో ఎలా ఉంటారో" అన్నాడు. ఫీజు మాత్రం కట్టేశాడు. అటెండెన్స్ గురించి ఎవరూ చెప్పలేదు.

తప్పులెన్నువాడు
బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లో 70 శాతం అని ఉంది. సరైన కారణం ఉంటే 65 దాకా వదిలే వీలుంది. పాపని రోజూ వెళ్లమనండి.

వకాల్తా వారం
సరే గానీ, నెల్లూరు వైపు వాళ్లు ఎవరైనా చెప్పగలరా, వెంకయ్యనాయుడు గారు ఎప్పుడైనా కోర్టులో నల్లకోటు వేసుకుని నిలబడ్డారా లేదా? మా బావతో పందెం కాశాను.